తప్పు పెట్టెది కాదు

వదినా,

అన్నయ్య గుండె సంగతి నీకు ముందే తెలుసా అని అడిగారు. తెలుసు.

గుండెలో పుట్టే సన్నటి కరెంటును పెద్దది చేసి తెర మీద గీతగా చూపించే యాంప్లిఫయర్ పెట్టె ఒకటి మా కాలేజీ ల్యాబ్ కోసం తయారుచేశాను. పరీక్షించడానికి మనిషి కావాలంటే అన్నయ్యే చొక్కా విప్పి కూర్చున్నాడు. గీత నాలుగైదు స్పందనలకోసారి లయ తప్పుతోంది. లోపం సర్క్యూట్‌లోనే ఉందనుకుని నాలుగు రోజులు రెసిస్టర్లు మార్చాను.

"జబ్బు నీ పెట్టెకేరా," అని అన్నయ్య నవ్వాడు.

ఐదో రోజు ఆ తీగలే నా ఛాతీకి అంటించుకున్నాను. గీత ఒక్కసారి కూడా తప్పలేదు.

అది చూపిస్తే అన్నయ్య గుండీలు పెట్టుకుంటూ, "పాప పరీక్షలయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్తాలే. మీ వదినకు మాత్రం చెప్పకు," అన్నాడు. సరేనన్నాను.

అక్కడితో ఆగినా మీ ముందు తలెత్తుకునేవాణ్ణేమో. ఆ తర్వాత కూడా అన్నయ్యను మూడుసార్లు కూర్చోబెట్టి, ఆ గీతను కాగితం మీద అచ్చు తీసుకున్నాను. లయ తప్పిన గుండెను కూడా నా పెట్టె స్పష్టంగా పట్టుకుంటుందని పైవాళ్లకు చూపించాలి కదా. పాప పరీక్షలకు ఇంకా వారం ఉందనగా అన్నయ్య పోయాడు.

నిన్న ల్యాబ్‌లో అందరూ పెట్టెను మెచ్చుకున్నారు. గీత ఎంత శుభ్రంగా వచ్చిందో అంటూ అన్నయ్య కాగితాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. డాక్టరుకు చూపించాల్సిన కాగితం వదినా అది. నేను వాళ్లకు చూపించాను.

మీ మరిది