మసకబారింది చిన్న చుక్కే

గిద్దలూరులోని పద్మక్కకు,

చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాయేనా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోవద్దు.

చిలీలో చలి మొదలైంది. అక్కడ మీరు ఎండకు తలుపులు మూసుకునే వేళ నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని ఆఫీసుకు వెళ్తున్నాను. కొండలన్నీ బోడివి. నల్లమలను చూస్తూ పెరిగినదాన్ని కదా, చెట్టు లేని కొండ కొండలాగే అనిపించదు. తిండికి రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు. నువ్విచ్చిన శనక్కాయల కారం అయిపోవచ్చింది, ఎవరైనా వస్తుంటే ఇంకొంచెం పంపు.

ఫోనులో చెప్పలేని మాట ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం.

మేము ఇక్కడి పెద్ద దూరదర్శినితో చూస్తున్న నక్షత్రం కంటికి ఒకటే. నిజానికి పక్కపక్కనే రెండున్నాయి, ఒకటి బాగా వెలిగే పెద్దది, ఒకటి మసకగా ఉండే చిన్నది. కొన్నాళ్లకొకసారి మొత్తం వెలుగు కాస్త తగ్గి మళ్లీ వస్తుంది. అంటే ఆ రెండింటిలో ఒకదాని చుట్టూ మరో నక్షత్రం తిరుగుతూ అడ్డం వస్తోంది. గ్రహణం దేనికి? పెద్దదానికేనని మా పెద్దసారు వ్యాసం రాసేశారు. పోయిన వారం గ్రహణం వేళ, గాలి నిలకడగా ఉన్నప్పుడు తీసిన ఫొటోల్లో రెండూ విడివిడిగా కనిపించాయి. వేరువేరుగా కొలిచాను. పెద్దది ఇసుమంతైనా తగ్గలేదు. చిన్నది సగానికి పడిపోయింది.

రెండు రోజులు నోరు విప్పలేదు. నా ఉద్యోగం పొడిగించాల్సింది ఆయనే మరి. ఆ రెండు రోజులూ మన దుకాణం వెనక గదే గుర్తొచ్చింది. సాయంత్రం మనిద్దరం గట్టిగా చదువుతుంటే నాయన బేరాల మధ్యే చెవి ఇటు పెట్టేవాడు. చప్పుడు తగ్గితే చాలు, "ఏందే పద్మా, ఆగినావు?" అని నీ పేరే పిలిచేవాడు, పెద్దదానివని. ఆగేది నేను. కంభం చెరువు అలుగు పారుతోందని అందరం పోయిన రోజు, "నువ్వు చదవనే చదవవు, దుకాణంలో కూర్చో" అని నిన్ను ఆపేశాడు. "అట్లనే నాయనా" అన్నావే గాని నా పేరు చెప్పలేదు. నేను తిరిగొచ్చి, అలుగు ఎట్లా దూకిందో నీకే వర్ణించి చెప్పాను!

మూడో రోజు సారు గదికి వెళ్లి, "గ్రహణం చిన్నదానికి సార్" అన్నాను. లెక్కలన్నీ మొదటినుంచి చూశారు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. భయపడ్డానన్నాను. "వ్యాసం వెనక్కి తీసుకుందాం. ఈసారి నువ్వే రాయి" అన్నారు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

నాయన ఉండగా ఆయనకు చెప్పలేకపోయాను. నీకైనా చెప్పాలి కదా. అక్కా, నన్ను మన్నించు.

అమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. కోపం వస్తే తిడుతూనే జవాబు రాయి. నీ తిట్లు విని చాలా కాలమైంది.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత