మొదటి విజేత విషయమై నా చివరి మాట

నేను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోయడం, తర్వాత కోయించడం, ప్రస్తుతం విశ్రాంతి, ఈ వీలునామాను సొంత బుద్ధితో, సొంత కళ్లజోడుతో, నా చేతిరాతతో రాస్తున్నాను. బుర్ర సవ్యంగానే పనిచేస్తోందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. మోకాళ్ల గురించి ఆయనేమీ రాయలేదు. వాటిని ఎవరికీ ఇవ్వబోవడం లేదు కనుక ఫరవాలేదు. ఇది రాయమని నన్నెవరూ బెదిరించలేదు. బతిమాలినవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి ఐదో అంశంలో వస్తుంది.

1. మూడు గదుల ఇల్లు, వెనక వరండా, వరండాలో ఉన్న గడ్డి కోసే పాత మిషను, నా అనంతరం మా అమ్మాయికి సర్వహక్కులతో చెందుతాయి. మిషను తిరగదు. దాన్ని తీసి పారేయమని తను ఏళ్ల తరబడి పోరుతోంది, నేను వినలేదు. ఇక తన ఇష్టం.

2. మా అల్లుడుగారికి టోర్నమెంటు నాడు నేను మెడలో వేసుకున్న పాసులన్నీ. టోర్నమెంటంటే ఆయనకు ప్రాణం. "మా మామగారు మొదలుపెట్టిందే" అని ఆఫీసులో చెప్పుకుంటారట. పాసులు వరసగా పేర్చి చూస్తే ఆ టోర్నమెంటు ఎలా ఎదిగిందో ఆయనకే అర్థమవుతుంది. మొదటి రెండేళ్లకు పాసులు లేవు. మేమే ఆడాం, మేమే చూశాం. మూడో ఏటి పాసు మీద "గ్రీన్ పక్కన" అని ఉంటుంది, అంటే బంతి పడే గుంట పక్కనే. ఆరో ఏడు "తాడు అవతల". పన్నెండో ఏడు టీవీవాళ్లు వచ్చారు, నాది "టెంటు వెనక". ఇరవయ్యో ఏడు విదేశీ ఆటగాళ్లు దిగారు, నేను "పార్కింగు"కు చేరాను. కిందటేడు "గౌరవ అతిథి" అని బంగారు అక్షరాల కార్డు పంపారు. ఏ గేటులోంచి రావాలో మాత్రం రాయలేదు. పోటీ ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా నేను కొన్ని గజాలు వెనక్కి జరిగాను. నేను ఇంకాస్త త్వరగా జరిగి ఉంటే అది ఈపాటికి ప్రపంచంలోనే మొదటిదయ్యేదేమో.

3. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న గ్రౌండ్స్ హెడ్‌కు, ఏడో హోల్ దగ్గరి వాల్వు తిప్పే ఇనుప పిడి. అక్కడున్న నీటిమడుగును పత్రికలవాళ్లు "ఆటగాడి గుండెకు పరీక్ష" అంటారు. అది పగిలిన పైపు. బాగుచేయించమని నేను మూడు అర్జీలు పెట్టుకున్నాను, జవాబు లేదు. నాలుగోది రాసేలోపు మడుగుకు పేరొచ్చేసింది. నాయనా, ఒళ్లు మరిచి ఆ వాల్వు కట్టేశావంటే పదిహేను రోజుల్లో మడుగు మాయమవుతుంది, దాంతోపాటు టోర్నమెంటు పరువులో సగం. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా నీదే. పని ఆరో అంశంలో ఉంది.

4. రిటైరైన పాత సెక్రటరీగారికి, గోడకున్న వెండికప్పు ఫొటో, అద్దంతో సహా. మొదటి పోటీకి మేం పెట్టిన బహుమతి గడ్డి విత్తనాలు కొలిచే అల్యూమినియం డబ్బా. ట్రాక్టరు మీంచి పడి ఒక పక్క సొట్టపోయింది. నాలుగో ఏడు వెండిది చేయిద్దామని ఆయనే ఆ డబ్బా పట్టుకెళ్లి, "అచ్చం ఇలాగే ఉండాలి" అని కంసాలికి చెప్పొచ్చారు. కంసాలి చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. సొట్టతో సహా పోతపోసి ఇచ్చాడు. ఇప్పుడు క్లబ్బు పుస్తకంలో ఆ సొట్ట "ఆటలోని ఒడుదుడుకులకు ప్రతీక". కిందటేడు గెలిచినాయన కెమెరాల ముందు దాన్నే ముద్దుపెట్టుకున్నాడు.

5. ఇక అసలు డబ్బా. అద్దాల బీరువాలో పెట్టుకుంటామని ఇప్పటి సెక్రటరీగారు మూడుసార్లు మా ఇంటికి వచ్చారు. "వీలునామాలో ఒక్క ముక్క రాయండి చాలు" అన్నారు. రాయలేను. అది నాది కాదు, నా భార్యది. ముప్పై ఆరేళ్లుగా దాంతో సబ్బుపొడి కొలుచుకుంటోంది. గెలుచుకుంది కనుక ఆమెది.

ఆ రోజు జరిగింది ఇది. సోమవారం, క్లబ్బుకు సెలవు. గ్రీన్‌ల మీద కొత్త గడ్డి కుదురుకుందో లేదో బంతి దొర్లించి చూడాలి. ఊరికే దొర్లించడమెందుకు, పందెం వేసుకుందామని ఏడుగురు పనివాళ్లం అనుకున్నాం. జతలకు ఒకరు తగ్గారు. క్లబ్బు టవళ్లు ఉతికే నా భార్య అటుగా వస్తే రమ్మన్నాం. అమ్మాయిని టవళ్ల మూట మీద కూర్చోబెట్టి ఆమె కర్ర పట్టుకుంది. ఏళ్ల తరబడి తడి టవళ్లు పిండిన చేతులవి. తొమ్మిది హోల్స్ నలభై తొమ్మిది దెబ్బల్లో ముగించింది. నాకు యాభై మూడు పట్టాయి, మిగతావాళ్లకు ఇంకా ఎక్కువ. ఈ ఆటలో తక్కువ దెబ్బలవాళ్లదే గెలుపు. స్కోరు రాసింది కూడా నేనే.

6. క్లబ్బు హాల్లో బోర్డు మీద మొదటి విజేతగా అప్పటి అధ్యక్షుడుగారి పేరుంది. ఆ సోమవారం ఆయన క్లబ్బు ఛాయలకే రాలేదు. మూడో ఏడు క్లబ్బు పెద్దలు ఆటలోకి దిగాక, పాత సెక్రటరీగారు మా షెడ్డుకు వచ్చి కొత్తగా టైపు చేసిన స్కోరుకార్డు నా ముందు పెట్టారు. "ఇంత పెద్ద టోర్నమెంటుకి మొదటి విజేత టవళ్లావిడంటే ఏం బావుంటుందయ్యా? రాసినవాడివి నువ్వేగా, ఓ సంతకం పడేయి" అన్నారు. పడేశాను. ఆ నెలాఖరుకే గ్రౌండ్స్ హెడ్‌నయ్యాను. సాయంత్రం ఇంటికొచ్చి చెబితే ఆమె తలెత్తకుండా, "పెట్టేశారా? సరే, చేతులు కడుక్కు రండి" అంది. అంతే. తిట్టినా బాగుండేది. ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. నాకు అప్పుడూ సిగ్గేసింది, ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

వీలునామాల్లో మునుపు రాసినవన్నీ రద్దు చేస్తున్నానని ఒక వాక్యం ఉండాలట. మునుపు నేనేమీ రాయలేదు. ఆ కార్డు మీద సంతకం ఒక్కటే రద్దు చేస్తున్నాను. అమలు చేసే గ్రౌండ్స్ హెడ్ ఈ అంశాన్ని వచ్చే బహుమతి ప్రదానం నాడు అందరి ముందూ చదవాలి. మైకు ఇవ్వకపోతే గొంతెత్తి చదవాలి. బోర్డు మీద అక్షరాలు మారుస్తారో లేదో క్లబ్బువారి ఇష్టం. నేను అబద్ధం రాశానని మాత్రం అందరికీ తెలియాలి.

7. నా భార్యకు ఏమీ ఇవ్వడం లేదు. ఇల్లు ఆమె పేరనే రాయబోయాను. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదని ప్లీడరుగారు చెబుతుంటే, పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న ఆమె లేచి వచ్చింది. "అయితే నాకేమీ రాయకండి" అంది. మరి ఇల్లో అని నేనంటే, "అమ్మాయి నన్ను వీధిలో పెడుతుందా? ఆ రోజు నన్నడక్కుండా మీరు పెట్టారు సంతకం. ఈసారి నేను పెడతాను" అని కలం అడిగింది. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తడం ఇదే. ప్లీడరుగారు నా మొహం చూశారు. నేను కలం ఇచ్చాను.

తేదీ: మార్చి పదిహేడు, ఉదయం పదిన్నర.

(సంతకం) వీలునామాకర్త, మొదటి పోటీలో రెండో స్థానం

సాక్షులు:

(సంతకం) ఎదురింటి దర్జీ

(సంతకం) మొదటి పోటీ విజేత, నలభై తొమ్మిది దెబ్బలు