మణికట్టు వెనక నరం

ప్రియమైన అన్నయ్యకి,

"ప్రియమైన" అన్నది అలవాటుకొద్దీ పడింది, పొంగిపోకు. ఆస్పత్రి నుంచి ఎడమచేత్తో రాస్తున్నాను.

నేను మెట్లమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని మూడేళ్లయింది. ఎముక అతుక్కుంది, నొప్పి పోలేదు. మన టైలరింగ్ షాపులో పదహారేళ్లు గుడ్డ కత్తిరించినదాన్ని, కత్తెర పట్టుకుంటే ప్రాణం విలవిల్లాడేది. నువ్వేం చేశావు? ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, బట్టలివ్వడానికొచ్చిన వాళ్లందరి ముందూ, "ఎముక నిక్షేపంలా ఉంది. నొప్పి చేతిలో లేదమ్మా, బద్ధకంలో ఉంది" అన్నావు. అందరూ నవ్వారు. నన్ను కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి లేపి గుండీలు కుట్టమన్నావు. నీ మెడలో వేలాడేది కొలతల టేపు అన్నయ్యా, స్టెతస్కోపు కాదు.

నిన్న డాక్టరమ్మ పరీక్షకని మణికట్టు వెనక కొన్ని గంటలుండే మత్తు సూది వేసింది. పది నిమిషాల్లో నొప్పి మాయం! కత్తెర అడిగి తీసుకుని, పాత దుప్పటి ఈ చివర నుంచి ఆ చివరికి కోసేశాను. నర్సు తిట్టింది. నేను ఏడ్చాను.

"నొప్పిని మోసేది ఈ నరమే. దీన్ని తెంపేస్తే కీలులో అరుగుదల అలాగే ఉంటుంది గానీ, దాని కబురు మెదడుకి వెళ్లదు. వేళ్లు ఎప్పట్లాగే ఆడతాయి" అంది డాక్టరమ్మ.

రేపే ఆపరేషన్. కాగితాలమీద సంతకం నేనే పెట్టుకున్నాను. నీ షాపుకి ఇక రాను.

నీ బద్ధకపు చెల్లెలు

~

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. ఆపరేషనై మూడు నెలలు. బరువెత్తితే కాస్త సలుపు, అంతే. వేరేచోట కత్తిరింపు పనిలో చేరాను.

నా చెయ్యి ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు నువ్వు. "తెలిసినవాడొకడికి మోకాలినొప్పి, ఆ డాక్టరమ్మ చిరునామా పంపు" అని మాత్రం రాశావు. ఆ తెలిసినవాడెవరో వదిన ఫోన్లో చెప్పింది. ఆరేళ్లుగా ప్యాంటు కింద మోకాలికి గుడ్డ బిగించుకుని మిషను తొక్కుతున్నాడట. మెట్లెక్కుతూ ఫోనొచ్చినట్టు నటించి ఆగుతాడట.

నొప్పంటే ఏమిటో తెలియనివాడివి అనుకుని సగం క్షమించాను. తెలిసే అన్నావన్నమాట! నీది బయటపడుతుందని నాది అబద్ధం చేశావు. ఛీ, ఇంత పిరికివాడివా?

చిరునామా నీకు పంపను, దారి వదినకి చెప్పాను. మంగళవారం పొద్దున పదింటికి నీ పేరే రాయించాను. నీకూ నరం తెంపాలో అక్కర్లేదో ఆవిడ తేలుస్తుంది. నేను ఆస్పత్రి గుమ్మం దగ్గర ఉంటాను, మెట్లెక్కేటప్పుడు నా భుజం పట్టుకో. లోపలికెళ్లాక మాత్రం "నాకు నొప్పిగా ఉంది" అని నువ్వే నోరు విప్పి చెప్పాలి. ఆ ముక్క నీ బదులు నేను చెప్పను.

చెల్లి