పద్నాలుగో పేజీలో రెండుసార్లు పడ్డ వాక్యం

విద్యార్థుల క్రమశిక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా గదిలో ఉంటున్న సహవిద్యార్థినికి వ్యతిరేకంగా నేను సంతకం చేసిన వాంగ్మూలాన్ని రద్దు చేయవలసిందిగానూ, అందువల్ల నన్ను రద్దు చేయకుండా ఉండవలసిందిగానూ ప్రార్థన.

నేను తమ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం మాస్టర్స్ రెండో సెమిస్టరు చదువుతున్న విదేశీ విద్యార్థినిని. అర్జీ ఎవరికి వచ్చిన భాషలో వారు రాయవచ్చుననీ, అనువాదం తమరే చేయించుకుంటారనీ ఫారం వెనక ఉన్నందున తెలుగులో రాసుకుంటున్నాను. అనువదించేవారు నా మీద జాలిపడి ఏదీ మెత్తబరచవద్దని మనవి.

1. సదరు సహవిద్యార్థిని నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఈ దేశంలో దిగిన రోజు విమానాశ్రయంలో పెట్టెలు తోసే బండి ఒక్కటే దొరికితే ఇద్దరం పంచుకున్నాం. బండి గుమ్మం దాటేలోపే నన్ను అక్కా అనేసింది. నాకంటే పదకొండు నెలలు చిన్నది. ఆ పదకొండు నెలల పెద్దరికాన్ని నేను గీకి గీకి వాడుకున్నాను.

2. తమ దగ్గర 'విద్యా నిజాయితీ' అనే పేపరు తప్పినవారికి చదువూ ఉండదు, ఈ దేశంలో ఉండటానికి అనుమతీ ఉండదు. ప్రశ్నలు తమరు స్వయంగా రచించిన నలభై పేజీల చేతిపుస్తకం నుంచి వస్తాయి. నేను నలభై పేజీలూ కంఠతా పట్టాను. చిన్నప్పుడు మా మాస్టారు "సొంత పైత్యం కలపకు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించు" అని వేళ్ళ మీద స్కేలుతో నేర్పారు. నాకు వచ్చిన చదువు అదే.

సదరు సహవిద్యార్థిని అలా కాదు. "నాకు అర్థమైందిగా అక్కా, నా మాటల్లో రాసుకుంటాలే" అంది.

"నీ మాటలు ఎవరిక్కావాలి? తప్పావంటే పెట్టె సర్దుకోవాలి, తెలుసా?" అన్నాను.

నెలరోజులు నేను సింకు దగ్గర గిన్నెలు తోముతూ సగం వాక్యం అంటే, తను ఇస్త్రీ చేస్తూ మిగతా సగం అందుకోవాలి. ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదటికి తీసుకొచ్చేదాన్ని. ఒకసారి విసుగుతో ఏడ్చింది. ఏడుస్తూ చెప్పినా సరే, చెప్పమన్నాను.

3. తమ పుస్తకం పద్నాలుగో పేజీలో "ఇతరుల మాటలను తన మాటలుగా చూపుట విద్యార్థికి తగదు" అన్న వాక్యం అచ్చులో పొరపాటున వెంటవెంటనే రెండుసార్లు పడింది. పరీక్షలో నేను రెండుసార్లు రాశాను. పక్క బల్ల మీద తనూ రెండుసార్లే రాసింది. కనుక ఒకరిది చూసి ఒకరు రాశారని తమరు తేల్చారు.

విచారణలో నేను పుస్తకం లేకుండా ఆ పేజీ మొత్తం అప్పజెప్పాను. ఆ వాక్యం రెండోసారి రాగానే తమరు నవ్వారు. తరువాత "మనుషులెవరూ ఇలా చదవరు" అని కాగితం మీద రాసుకున్నారు. తలకిందులుగా ఉన్నా నేను చదవగలిగాను.

4. అప్పుడు మమ్మల్ని చెరో గదిలో కూర్చోబెట్టారు. చూసి రాసినవారు వెళ్ళిపోవాలి, తన పేపరు చూశారని తెలియనివారు హెచ్చరికతో ఉండిపోవచ్చు, ఇద్దరూ నోరు విప్పకపోతే ఇద్దరూ వెళ్ళాలి అని చెప్పారు. మధ్యలో గాజు గోడ, దానికి దించిన తెర. తెర కింది సందులోంచి తన పాదాలు మాత్రం కనిపించాయి. విచారణకు పనికొచ్చే బూట్లు తనకు లేవని నావే ఇచ్చాను.

కాసేపటికి తమరు వచ్చి "మీ స్నేహితురాలు రాసి ఇచ్చేసింది, ఇక మీ ఇష్టం" అన్నారు. ఏం రాసిందని నేను అడగలేదు. తమరూ చెప్పలేదు. నా బుద్ధికి తోచింది ఒక్కటే. "ఆమె నా పేపరు చూసి రాసింది, నాకు తెలియదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

5. మర్నాడు రెండు వాంగ్మూలాల నకళ్ళూ గదికి వచ్చాయి. తను రాసింది ఇది: "నేనే అక్క పేపరు చూసి రాశాను, అక్కకి తెలియదు."

జవాబులు కలిస్తే మోసం అన్నారు, వాంగ్మూలాలు కలిస్తే నిజం అన్నారు. అయ్యా, రెండూ అబద్ధాలే. తను నా కోసం ఆడింది. నేనూ నా కోసమే ఆడాను.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "మళ్ళీ ఒకేలా రాశాం చూడక్కా" అని నవ్వింది. నా బూట్లు తుడిచి నా మంచం కింద పెట్టింది. ఆ తరువాత మాట్లాడటం మానేసింది.

6. నా వాంగ్మూలం వెనక్కి తీసుకుంటానని సోమవారం తమ కార్యాలయం కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా అమ్మ మంచి మనిషి, ఓపికగా చెప్పారు.

"వెనక్కి తీసుకుంటే మొదట అబద్ధం రాసినట్టవుతుందమ్మా. అప్పుడు నువ్వూ వెళ్ళాలి. ఆ అమ్మాయి ఒప్పుకోలు ఎలాగూ ఉంది కాబట్టి తనూ వెళ్ళాలి."

"ఇద్దరం ఉండే దారి లేదాండీ?"

"దానికి ఫారం లేదమ్మా."

నేను బయటికి వచ్చాను. ఆ రోజే రాయవలసిన ఈ అర్జీని మూడు రోజులు ఆలోచించి రాస్తున్నానని కూడా గమనించగలరు.

7. తన అనుమతి వచ్చే శుక్రవారంతో ముగుస్తుంది. నిన్న పెట్టె ఎత్తుకుని బరువు చూసే యంత్రం మీద నిలబడింది. అంకె చూద్దామని తల వంచితే పెట్టె అడ్డం వస్తోంది. "చదివి చెప్పనా?" అన్నాను.

"అక్కర్లేదండీ" అని ఇన్ని రోజులకు నోరు విప్పింది.

పదకొండు నెలలు చిన్నది నన్ను అండీ అంది. ఈ ఫిర్యాదు ఏ శాఖ కిందికి వస్తుందో తెలియజేయగలరు.

కావున, మా ఇద్దరినీ మళ్ళీ చెరో గదిలో కూర్చోబెట్టి, ఏ పేజీ అయినా అడిగి, తనను ఉండనివ్వవలసిందిగా వేడుకుంటున్నాను. నా సీటుకు భంగం లేకుండా ఇది సాధ్యమైతేనే చేయవలసిందిగా కూడా వేడుకుంటున్నాను. ఈ రెండో వాక్యం కొట్టేద్దామని నాలుగుసార్లు కలం ఎత్తాను. కొట్టెయ్యలేదు. రెండు వాక్యాలనూ కలిపే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో అంతస్తు, కిటికీ వైపు మంచం

తా.క.: ఈ ఉదయం తమ కార్యాలయం నుంచి మరో ఉత్తరం అందింది. వచ్చే నెల చేరబోయే విదేశీ విద్యార్థులకు పద్నాలుగో పేజీ చదివి వినిపించడానికి, తోటివారి తప్పును ధైర్యంగా బయటపెట్టిన విద్యార్థినిగా నన్ను ఎంపిక చేశారట. పై అర్జీ పరిశీలనకు వీలుపడని పక్షంలో దీన్నే నా అంగీకారంగా భావించగలరు. పుస్తకం పంపనక్కర్లేదు. ఆ వాక్యం ఒకసారి చెప్పాలో రెండుసార్లు చెప్పాలో ముందుగా తెలియజేస్తే చాలు. ఇప్పుడు గదిలో రెండో సగం అందుకునేవాళ్ళు ఉండరు కనుక, మొత్తం నేనే చెప్పుకోవాలి.