జున్ను ఎవరి చేతిది తింటుంది

ఏప్రిల్ 6, సోమవారం
జున్ను ఈరోజూ తినలేదు. మొదటి షిఫ్టు ముగించుకుని గని నుంచి రాగానే క్వార్టర్ వెనక తడిమట్టి తవ్వి ఎర్రలు, అదే వానపాములు, తెచ్చాను. చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకున్నాను. మూతి దగ్గర పెడితే నోట్లోకి తీసుకుంది... వెంటనే ఉమ్మేసింది. చిన్ని మొహం చిన్నబోయింది. పుట్టినరోజుకు ఆక్సొలాటల్ కావాలని పోరు పెట్టింది కూతురు. కాళ్లున్న చేపలాంటి ఈ జున్నును ఊరూరా వెతికి తెచ్చింది నేను.

ఏప్రిల్ 8
ఎండ మండిపోతోంది. తొట్టిలో ఐసు బాటిల్ వేశాం. నీళ్లు చల్లబడ్డాయి, జున్నుకు నా మీద కోపం చల్లారలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం
బసంత్‌నగర్ నుంచి బామ్మర్ది శ్రీకాంత్ వచ్చాడు. నేను తవ్విన ఎర్రనే తీసుకుని నీళ్లలో చెయ్యి పెట్టాడు. గుటుక్కున మింగింది. ఒకటి కాదు, మూడు!
"గింతే బావా" అంటాడు, ఇకిలిస్తూ.
చిన్ని చప్పట్లు. నా భార్య లత అయితే — "మా తమ్ముని హస్తవాసి గట్లాంటిది."
కుళ్లుకుంటున్నాను. అవును, కుళ్లే. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకోను?

ఏప్రిల్ 13
చిన్ని రెండేళ్లప్పుడూ ఇంతే. ముద్ద పెట్టబోతే నా చెయ్యి నెట్టేసి "బొగ్గు... ఛీ" అంది. శ్రీకాంత్ పెడితే నోరు తెరిచింది. ఆ రోజు నుంచే నాకీ తోముడు, గోళ్లలో నలుపు పోయేదాకా.

ఏప్రిల్ 15
"మామను రమ్మంటా బాపూ. పాపం, జున్ను ఎండుకపోతాంది."
గంధం సబ్బు కొత్తది విప్పాను. ఇంకా గట్టిగా తోమాను. జున్ను దగ్గరికే రాలేదు.

ఏప్రిల్ 17
చిన్ని నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.
"గిదా సంగతి! సబ్బు వాసన బాపూ, జున్నుకు పడ్తలేదు. ఉత్త నీళ్లతోని కడుక్కో."
పదేళ్లుగా తోముతున్న చెయ్యి.

ఏప్రిల్ 18, శనివారం
డ్యూటీ నుంచి వచ్చి సబ్బు ముట్టలేదు, ఉత్త నీళ్లతోనే కడుక్కున్నాను. గోళ్ల సందుల్లో నలుపు అలాగే ఉంది. సిగ్గుపడుతూనే ఎర్ర పట్టుకుని చెయ్యి నీళ్లలో పెట్టాను. జున్ను వచ్చింది. గుటుక్కు!
చిన్ని గంతేసింది. వెంటనే ఫోన్ — మామకే. "మామా, తిన్నది!"
బాపు చేతిది అని చెబుతుందేమో అని చెవులు రిక్కించాను. చెప్పలేదు.
అన్నాలకు కూర్చున్నాం. చిన్ని ఇంకా ఫోన్లోనే, కంచం ముట్టలేదు. తన నోట్లో పెడదామని పప్పన్నం ముద్ద కలిపాను. చెయ్యి సగం లేచింది... గోళ్లు కనిపించాయి. సబ్బుతో కడుక్కుని రావాలా, ఇలాగే పెట్టాలా —