ఎడమ సీటు

పజుండౌంగ్,
మాఘ పౌర్ణమి మర్నాడు.

సౌభాగ్యవతి కోటేశ్వరికి, లింగరాజు దీవించి రాసేది. ఇక్కడ నేనూ మా అమ్మా కులాసా. సరిహద్దు అవతల మేసాట్‌లో నువ్వూ మన అబ్బాయి సంజీవూ కులాసాగానే ఉన్నారని సుధామణి చెప్పింది. నీ ఉత్తరం తెచ్చింది ఆవిడే, ఇది పట్టుకొచ్చేదీ ఆవిడే. చీరల మూట మధ్యలో పెట్టుకుంటానంది. తెలుగులో రాస్తే దారిలో ఎవరు విప్పినా చదవలేరు. నువ్వు కూడబలుక్కుని చదువుతావు కాబట్టి పొట్టి వాక్యాలే రాస్తున్నాను. గుడి బడిలో మనిద్దరం ఏడుస్తూ నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి.

నువ్వడిగినవి ముందు చెబుతాను. అమ్మ మోకాలు అలాగే ఉంది. నూనె రాసుకుంటుంది, మెట్లు దిగేటప్పుడు నన్ను తిడుతుంది. కరెంటు పగలు కాసేపు వస్తుంది, అప్పుడే నీళ్ళు పైకి పట్టుకుంటున్నాం. వంట నేనే చేస్తున్నాను. చేపల పులుసు అమ్మ తింటుంది కానీ ఎలా ఉందని అడిగితే మాట మారుస్తుంది.

వార్డు ఆఫీసు వాళ్ళు మళ్ళీ వచ్చారు. సంజీవ్ ఎక్కడున్నాడని అడిగారు. మలేషియాలో పనిలో ఉన్నాడని అమ్మ చెప్పింది. ఏ ఊరని అడిగితే, "పజుండౌంగ్ దాటితే నాకన్నీ ఒకలాగే ఉంటాయి బాబూ, టీ తాగుతారా?" అంది. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. సైన్యంలోకి కుర్రాళ్ళని లాక్కోవడానికి చీటీలు తీసిన జాబితాలో వాడి పేరు ఇంకా ఉంది. వెనకింటి రాజబాబు కొడుకు పేరు కూడా వచ్చింది. ఆ కుర్రాడు వెళ్ళాడు. తరవాత కబురు లేదు. రాజబాబు ఇప్పుడు వీధిలోకి రావడం లేదు.

ట్రైలర్ మోబీ తోటలో పెట్టినచోటే ఉంది. కప్పు మీద ఆకులు తుడిచాను. లోపల నాలుగు పరుపులూ ఎండలో వేశాను. పొయ్యి వెలుగుతోంది. ఆ సర్వే కంపెనీ తెల్లవాళ్ళు దేశం వదిలిపోతూ దాన్ని అమ్మినప్పుడు, ఇల్లు కొనకుండా చక్రాల ఇల్లు కొన్నావేమిటని అందరూ నవ్వారు గుర్తుందా? ఊళ్ళోవాళ్ళు కాంపింగ్ అని చెరువు ఒడ్డున రెండు రోజులు ఉండటానికి ఎగబడ్డాక ఆ నవ్వు ఆగింది. ఈ తింజాన్ కొత్త సంవత్సరం సెలవులకి కూడా ముగ్గురు అద్దెకి అడిగారు. కానీ లాగడానికి బండి లేదు. మన నీలం పికప్ ఛాసిస్ వానల్లో విరిగినప్పటి నుంచి ట్రైలర్ కదల్లేదు.

ఇక బండి సంగతి. నువ్వు రాసింది నా ఎదురుగానే ఉంది. "నేను పక్కన లేకుండా మీరు ట్రైలర్ తోలితే నాకు నిద్ర పట్టదు. సంజీవ్ పెద్దోడయ్యాడు, ఒక్కడూ ఉండగలడు. తింజాన్‌కి నేను వచ్చేస్తాను. కుడి స్టీరింగు బండే కొనండి, ఎడమ సీట్లో నేనుంటాను." ఇదీ నువ్వు రాసింది.

మన మెకానిక్ అచ్చెన్నని వెంటబెట్టుకుని మింగళాడోన్‌లో బండ్లు అమ్మేచోటికి వెళ్ళాను. వర్క్‌షాపు మూసి వచ్చాడు, దారంతా ఆ మాటే చెప్పాడు. అక్కడి బ్రోకరు పేరు కో పౌక్సీ. పౌక్సీ అంటే ఆవిరి బన్ను కదా, మనిషి అలాగే ఉన్నాడు. మాకు సరిపడేవి రెండు పికప్‌లు చూపించాడు. ఒకటి తెల్లది, కుడి స్టీరింగు. ఇంకొకటి ఆకుపచ్చది, ఎడమ స్టీరింగు.

తెల్లది మంచి బండి. అచ్చెన్న అట్ట పరుచుకుని కిందకి దూరి, స్పానరుతో ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఎక్కడా మెత్తని చప్పుడు రాలేదు, తుప్పు లేదు. చక్రాల మీద కమాను కట్టలు కంపెనీవే. హ్యాండ్‌బ్రేకు వేసి మూడో గేరులో క్లచ్ వదిలితే ఇంజను వెంటనే ఆగిపోయింది, అంటే క్లచ్ ప్లేటు బాగుంది.

పౌక్సీ, "ఇది ఏనుగునైనా లాగుతుంది, ఊ లింగా" అని మర్యాద పెట్టి అన్నాడు.

అచ్చెన్న అట్ట మీద నుంచి లేవకుండానే నాతో తెలుగులో అన్నాడు. "లాగడం ఏటుంది, ఏ బండైనా లాగుతాది. రెండు టన్నుల ఇల్లు ఎనకనించి తోసుకొస్తంటే ఆపగలదా? అది సూడాల. ఈ బన్నుగాడికి ఏటి తెలుసు."

"ఏమంటున్నాడు?" అని పౌక్సీ అడిగాడు.

"నువ్వు చాలా నిజాయితీ మనిషివంటున్నాడు" అన్నాను.

ట్రైలర్ తగిలించి చూడకుండా కొననని చెబితే పౌక్సీ ఒప్పుకున్నాడు. ఆదివారం తెల్లబండి మన వీధికి తెచ్చి, తను అచ్చెన్నతో వెనక సీట్లో కూర్చున్నాడు. అమ్మ కూడా బయల్దేరింది. ఎడమ సీటు తనదేనంది. "కోటి సేసింది నాను సెయ్యలేనా? కళ్ళేటి అత్తకి ఉండవా?"

సరే అని నేర్పాను. ఈ దేశంలో రోడ్డుకి కుడి పక్కన నడపాలి, బండి స్టీరింగు కూడా కుడి పక్కనే ఉంది, అందుకని ఎదర లారీ ఉంటే దాని అవతల ఏం వస్తోందో నాకు కనపడదు. ఎడమ సీట్లో ఉన్న మనిషి చూడాలి. ఖాళీగా ఉంటే తలుపు మీద రెండు దెబ్బలు. ఏదైనా వస్తుంటే ఒకటి. నోటితో చెబితే ఇంజను చప్పుడులో వినపడదు. అంతా విని అమ్మ తలూపింది. మింగళాడోన్ దాటాక ఒక లారీ వెనక పడ్డాం. దెబ్బ కోసం చూస్తున్నాను, ఒకటీ లేదు, రెండూ లేదు. తిరిగి చూస్తే రెండు చేతులూ జోడించి ఉంది. ఎదర నుంచి భిక్షువుల వ్యాను వస్తోంది. అది దాటిపోయాక ఇసక లారీ వచ్చింది. అప్పుడు కళ్ళు మూసుకుంది.

"అమ్మా, కళ్ళు తెరువు."

"నాను సూడనురా. గుద్దితే నువ్వే సూసుకో."

మోబీలో ట్రైలర్ తగిలించాక అమ్మని వెనక సీట్లోకి పంపి అచ్చెన్నని ముందుకి రమ్మన్నాను. తెల్లది బాగా లాగింది. గట్టు ఎక్కుతుంటే వేడెక్కలేదు. నాకు ఆశ పుట్టింది. తోటలు దాటాక మెల్లగా పోతున్న ఒక బస్సు అడ్డం వచ్చింది. నా చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి. రెండు దెబ్బలు వినపడ్డాయి. బండిని ఎడమకి తీశాను.

ఎదర నుంచి ఇంకో బస్సు వస్తోంది.

ఎలా వెనక్కి తగ్గానో నాకు సరిగ్గా తెలియదు. ట్రైలర్ ఒకసారి ఊగింది. వెనక గిన్నెలు పడ్డ చప్పుడు. ఎవరికీ ఏమీ కాలేదు. పక్కకి ఆపాను. పౌక్సీ దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. అచ్చెన్న అసలు సంగతి చెప్పాడు. తలుపు రంగు కింద సొట్టలకి పుట్టీ పెట్టారేమోనని అనుమానం వచ్చి వేళ్ళతో కొట్టి చూశానన్నాడు. సంకేతం సంగతి మర్చిపోయాడు. వాడి చెయ్యి రేకు మీద పడితే చేసే పని అదే, తప్పు పట్టలేను. అమ్మ మాత్రం పట్టింది. ఇంటికొచ్చేదాకా పట్టింది.

ఆ సాయంత్రం వర్క్‌షాపు అరుగు మీద కూర్చుని అచ్చెన్న ఒకే మాట అన్నాడు. "తెల్లది కొనీ మావా. కోటేశ్వరి ఒచ్చీదాకా ఆగు. ఆ సీటు ఆయమ్మది."

నేనూ అదే అనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మతో కూడా అదే చెప్పాను. అమ్మ నీ పెట్టెలోంచి దుప్పటి తీసి దులిపింది.

ఇక్కడిదాకా రాసి ఉత్తరం ముగించేద్దామనుకున్నాను. ముగిస్తే అబద్ధమవుతుంది.

ఆ తరవాతి బుధవారం సంజీవ్ ఫోన్ చేశాడు. నువ్వు బజారుకి వెళ్ళావట. లైను మధ్యమధ్య తెగిపోతోంది.  "నాన్నా, అమ్మ తింజాన్‌కి ఎల్లిపోతానంటంది. నాను ఒద్దని అన్లేదు" అన్నాడు. మంచిదే కదా అన్నాను. "అమ్మ ఎల్తే నానూ ఒచ్చేస్తాను. ఇక్కడ ఒక్కడినీ ఉండను. లాండ్రీ నించి రూముకొచ్చి గోడల్ని సూస్తా కూచోలేను. ఏటైతే అదైంది" అన్నాడు. జాబితా గుర్తుచేశాను. "తెలుసు" అన్నాడు. రాజబాబు కొడుకు సంగతి చెప్పాను.    "అమ్మకి సెప్పకు నాన్నా" అన్నాడు.

చెబుతున్నాను. వాడు పెద్దవాడయ్యాడని నువ్వు రాశావు. వాడు తన బట్టలు ఉతుక్కుంటాడు, జీతం తెచ్చి నీ చేతిలో పెడతాడు, నిజమే. కానీ నువ్వు బస్సెక్కిన వారంలో వాడూ ఎక్కుతాడు. ఆ దారిలో ఎన్ని చోట్ల బండి ఆపి కుర్రాళ్ళని దింపుతారో నీకు తెలుసు, నువ్వు వాణ్ణి దాటించుకుని తీసుకెళ్ళావు. వెనక్కి దాటించే మనిషి లేరు.

నువ్వు రావడానికి రాసిన కారణం ఒక్కటే. ఎడమ సీటు. ఇంకో కారణం ఉందేమో, నువ్వు రాయలేదు, నేనూ రాయను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట మనం పైకి అనుకున్నది లేదు. అందుకని నేను చేయగలిగింది చేశాను.

ఆకుపచ్చ బండి కొన్నాను. ఎడమ స్టీరింగుది.

అది తెల్లదాని కంటే పాతది. గట్టు ఎక్కితే వేడెక్కుతుంది, మధ్యలో ఆపి చల్లార్చాలి. వెనక కమాను ఒకటి మార్చినది. వెనక తలుపు పైకెత్తి మూస్తేనే పడుతుంది. కానీ బ్రేకులు మంచివి. ట్రైలర్‌తో సహా దిగుడులో ఆపి చూశాం, నిలబడింది. ఆపుతుంది కాబట్టి నా గురించి బెంగ పెట్టుకోకు. అచ్చెన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, "నీకేటి పిచ్చా మావా, బంగారం లాంటి బండి ఒగ్గేసి" అన్నాడు. సంజీవ్ చెప్పింది చెప్పాను. వెంటనే రేడియేటర్ విప్పి కడగడం మొదలుపెట్టాడు.

కొన్న రోజు పౌక్సీ తాళం చేతిలో పెడితే నేను వెళ్ళి కుడి తలుపు తీసి కూర్చున్నాను. చెయ్యి చాపితే స్టీరింగు లేదు. పౌక్సీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊ లింగా, మరి ఎవరు తోలతారు, నేనా?" నేనూ నవ్వాను.

అమ్మకి చెప్పినప్పుడు నవ్వలేదు. దుప్పటి మడత పెట్టి నీ పెట్టెలో పెట్టేసింది. "దాని సెయ్యి తెల్లబడిపోతాది పాపం" అంది. నీ ఎడమ చెయ్యి సంగతి. ఇన్నేళ్ళు కిటికీ బయట పెట్టి నల్లబడిన చెయ్యి. నీ రెండు చేతులూ ఇద్దరు మనుషులవని సంజీవ్ ఏడిపించేవాడు కదా.

రావద్దు కోటీ. తింజాన్‌కీ వద్దు, తరవాతా వద్దు. వాడు ఇక్కడికి రాగలిగిన రోజున వాడితోనే రా. అది ఎప్పుడని నన్నడగకు, నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలిసినట్టు నీకు రాయలేను.

నిన్న ట్రైలర్ తగిలించి మోబీ నుంచి చెరువు ఒడ్డుకి చేర్చాను. ఒక్కణ్ణే వెళ్ళాను. సగం దారిలో ఇటుకల లారీ వెనక పడ్డాను. మెల్లగా పోతోంది, దుమ్ము రేపుతోంది. ఎడమ పక్కన కూర్చుంటే లారీ అవతల రోడ్డంతా కనపడుతుంది. పొలాలు, కరెంటు స్తంభాలు, మలుపు దాకా. ఇన్నేళ్ళూ నువ్వు చూసింది ఇదన్నమాట. ఎదర నుంచి ఏ బండీ రావడం లేదు. దాటడానికి కావలసినంత చోటుంది. నా కళ్ళతో నేనే చూశాను.

దాటలేదు. దెబ్బల కోసం ఆగాను. లేవని తెలిసీ ఆగాను. చెరువు దాకా ఆ లారీ వెనకే వెళ్ళాను.

దాటడం నేర్చుకుంటాను. నువ్వక్కడే ఉండు.

ఇట్లు,
సంజీవ్ నాన్న,
లింగరాజు.