నీళ్లు పోయకూడని కొండవాలు

ఎముకల ఆసుపత్రిలో పిండికట్లు వేసే ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు కొండవాలు మీద తేనెటీగలు పెంచుకుంటున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, కళ్లజోడు పెట్టుకుని, కాఫీ తాగి, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. నాకు మతి స్థిరంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మా అక్క ఒప్పుకోలేదు. తన అభ్యంతరం కూడా రాయాలని పట్టుబట్టింది కాబట్టి రాయించాను. నేను ఇంతకు ముందు వీలునామా ఏదీ రాయలేదు.

నేను పెళ్లి చేసుకోలేదు. నావాళ్లంటే అక్క, అక్క కూతురు, దాని మొగుడు. ఈ ముగ్గురూ ఒకచోట కూర్చుని దీన్ని చదువుకోవాలి. మధ్యలో లేచి పోకూడదు.

1. స్థిరాస్తి వివరం: కొండవాలు మీద నా స్వార్జితమైన స్థలం, అందులో రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఇల్లు. హద్దులు: తూర్పున బస్సు దారి, పడమర బోడిబండ, ఉత్తరాన మేకలు తమదే అనుకునే కాలిబాట, దక్షిణాన మా అక్క ఇల్లు ఒకప్పుడు ఉన్న చోటు.

నేల స్వభావం: మట్టి పరీక్షల ఆఫీసు వాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారం, జిప్సం మెండుగా ఉన్న ఇసుక గరప నేల. అమ్మినవాడు మాత్రం సున్నపు నేల అన్నాడు. సున్నపురాయి మీద పులుపు పడితే బుసబుస పొంగుతుంది. నేను నిమ్మకాయ పిండి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. పెళ్ల మీద గోటితో గీస్తే మాత్రం, మెత్తటి జిప్సం మీద పడ్డట్టే గీత పడింది. అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఈ మట్టిని చేతిలోకి తీసుకుంటే పిండిలా ఉంటుంది, వేళ్ల మధ్య ఇసుక గరగరమంటుంది. ఎండ పడితే అద్దం పెంకుల్లా మెరుస్తుంది. ఎండిపోతే పైన పెచ్చు కడుతుంది. ఎరువు వేస్తే నిలుపుకోదు, నీళ్లు పోస్తే తాగుతుందే తప్ప దాచుకోదు. తాగిన నీళ్లలో తనే మెల్లగా కరిగి లోపల గుల్లబారిపోతుంది. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. సిమెంటును కూడా కొరుక్కుతింటుంది. ఆసుపత్రిలో నేను జనం కాళ్లకు చుట్టిన పిండి ఈ రాయిని కాల్చి పొడిచేసిందే. అందరి కాళ్లకూ కట్టి కట్టి, చివరికి దాన్నే నా కాళ్ల కింద కొనుక్కున్నాను.

2. తెలియక చేశామని రేపు ఎవరూ అనకుండా, జరిగినది రాయిస్తున్నాను. అక్కా బావా నా పక్క స్థలమే కొని ఇల్లు కట్టుకున్నారు. బావ పోయాక అక్క మనసు పచ్చగడ్డి మీదికి పోయింది. ఇంటి చుట్టూ లాన్ కావాలంది. మట్టి ఆఫీసు వాళ్లు చెప్పింది చదివి వినిపించాను. "నీ నేల అలాంటిదేమో, నాది మంచిదే" అంది. మా ఇద్దరి నేలకూ మధ్య ఉన్నది ముళ్లకంచె ఒక్కటే.

అల్లుడిది పైపుల కొట్టు. అత్తగారు అడగడమే ఆలస్యం, స్థలమంతా గొట్టాలు పరిచి, నీళ్లు గొడుగుల్లా విచ్చుకునేలా చేశాడు. గడ్డి వచ్చింది. కళ్లు చల్లబడేలా వచ్చింది. అక్క వరండాలో కూర్చుని, నేను ఎప్పుడు బయటికి వస్తానా అని చూసేది.

తర్వాత వంటింటి తలుపు పడటం మానేసింది. వడ్రంగి వచ్చి చిత్రిక పట్టాడు. ఆ వెంటనే పడకగది కిటికీ బిగుసుకుంది. తాపీమేస్త్రిని పిలిచారు. ఆయన గచ్చు మీద రసమట్టం పెట్టి, లోపలి బుడగ కోసం కాసేపు వెతికి, "అమ్మా, ఇది మీ ఇంట్లో లేదు, పక్కింటికి పోతోంది" అన్నాడు. పునాది తవ్వి చూస్తే సిమెంటు అటుకుల్లా రాలింది. నేను కళ్లు పెట్టబట్టే ఇల్లు పాడైందని అక్క బంధువులందరికీ ఫోన్లు చేసింది. నీళ్లు మాత్రం ఆపలేదు.

ఒక ఉదయం వరండాలో కూర్చుని టీ తాగుతుండగా కింద నేల జారుకుంది. కుర్చీ, అక్క, టీ గ్లాసు మూడూ కలిసి నడుము లోతు గుంటలోకి దిగాయి. టీ ఒలకలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. నేనూ, పునాది పనికి వచ్చి ఉన్న మేస్త్రీ నిచ్చెన పట్టుకుని పరుగెత్తాం. కాలు విరిగి, దుమ్ము కొట్టుకుని, తెల్లగా బొమ్మలా ఉంది. నన్ను చూడగానే, "నన్ను తర్వాత లాగొచ్చు, ముందు ఆ పైపు కట్టెయ్యవే!" అని అరిచింది. నా మాట నిజమని అక్క ఒప్పుకున్నది జన్మలో అదొక్కసారే. కాబట్టి ఆ మాటను యథాతథంగా నమోదు చేయిస్తున్నాను.

ఆసుపత్రిలో ఆ రోజు నా స్థానంలో వచ్చిన అమ్మాయి సెలవు. డాక్టరు బతిమాలితే నేనే కట్టు వేశాను. వంకరగా వేశానని అక్క ఫిర్యాదు. ఎక్స్‌రేలో ఎముక నిటారుగా అతికింది. అయితే ఎక్స్‌రే మిషనే వంకరట.

కట్టు విప్పేదాకా ఉంటానని మా ఇంటికి వచ్చింది. విప్పాక, నడక వచ్చేదాకా అంది. నడక వచ్చాక, ఇల్లు బాగయ్యేదాకా అంది. ఆ ఇల్లు ఇక బాగవదని మేస్త్రి చెప్పాక మళ్లీ గడువేదీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

3. అక్కకు: తూర్పు గదిని, అందులోని మంచంతో, కిటికీతో, ఉదయం మంచం మీద పడే ఎండతో సహా, ఆమె జీవించి ఉన్నంతకాలం అనుభవించే హక్కు రాస్తున్నాను. ఆమెను అక్కడి నుంచి కదిలించే అధికారం ఎవరికీ లేదు. ప్రేమ కొద్దీ కూడా లేదు. అక్క కూతురు మూడో అంతస్తు ఫ్లాట్ మాట ఎత్తినప్పుడే అక్కకు కాలు నొప్పి పుడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, తెలియనట్టు నటించకూడదు. నా తేనెటీగలు లోపలికి వస్తాయని నేను మూసే కిటికీని నా తదనంతరం తెరుచుకోవచ్చు. గొడవలో తనే నెగ్గానని చెప్పుకోవచ్చు కూడా.

4. అక్క కూతురికి: తేనెపెట్టెలు నా మరణానంతరమూ, ఇల్లూ స్థలమూ అక్క తర్వాతా సర్వహక్కులతో చెందుతాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా దానిదే. ఈ కుటుంబంలో చేతికొచ్చిన కాగితాన్ని చివరిదాకా చదివేది అది ఒక్కతే.

షరతులు: వాలు మీద తడి పెట్టకూడదు. కప్పు మీది వాన నీళ్లు ఇప్పుడున్న గొట్టంలోంచే బస్సు దారి పక్క కాలువలోకి పోవాలి. వాలు మీది బూడిదరంగు పొదలు మంచి నేలలో పెట్టి చూశాను, చచ్చిపోయాయి. వాటికి ఈ చెడ్డ నేలే పడుతుంది. ఆ పూల తేనె కాస్త వగరుగా ఉంటుంది, పంచదార కలపకూడదు. నేల మీద ఏనుగు చర్మంలా కనిపించే నల్లటి పెచ్చు మురికి కాదు, ప్రాణమున్నది. మట్టి కొట్టుకుపోకుండా పట్టుకున్నది అదే. తొక్కితే విరుగుతుంది, మళ్లీ పుట్టడానికి ఏళ్లు పడుతుంది. మేకలకు చెప్పలేం కానీ చుట్టాలకు చెప్పొచ్చు.

5. అల్లుడికి: నా రెయిన్‌కోటు. నీళ్లకు సంబంధించి అతనికి ఈ స్థలంలో ఉన్న హక్కు అంతవరకే. అతను ఇక్కడ అద్దె కాటేజీలూ ఈత కొలనూ ఊహించి గీయించిన బొమ్మ నేను చూశాను. కొలను గట్టు మీద జనం నవ్వుతున్నారు. ఆ తర్వాత ఎక్కడికి పోతారో గీయలేదు. పైపు పట్టుకుని హద్దు దాటితే స్థలం మొత్తం మట్టి పరీక్షల ఆఫీసుకు పోతుంది. అయినా అక్క సామాను, ఇనప బీరువాతో సహా, తన వీపు మీద మా ఇంటికి మోసినవాడు అతనే. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అందుకని నా రేడియో కూడా అతనికే.

6. కట్లు కోసే నా కత్తెర ఆసుపత్రిలోని అమ్మాయికి. కోసేటప్పుడు రోగితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమని నా మాటగా చెప్పండి. కాలు తెగుతుందనే అందరూ భయపడతారు.

7. నన్ను ఎలా సాగనంపాలో అక్క ఇష్టం. ఎటూ నా మాట వినదు.

ఇంతవరకు రాశాక అక్క తన పెన్ను తెచ్చుకుని, సాక్షి సంతకం తనే పెడతానని కుర్చీ లాక్కుంది. వాటా వచ్చేవాళ్లు సాక్షిగా ఉండకూడదమ్మా అని దస్తావేజు లేఖరి చెప్పాడు. "నాకేం రాసింది ఇది?" అంది. ఆయన నా వైపు చూశాడు. సరేనన్నాను. మూడో అంశం చదివి వినిపించాడు. అక్క పెన్నుకు మూత పెట్టేసింది. తర్వాత, "గది రాస్తే సరిపోతుందా, వంటింట్లోకి దారి రాయించవూ? నీకు టీ పెట్టేది ఎవరనుకున్నావు?" అంది. నేను పోయాకే ఇది అమల్లోకి వస్తుందని లేఖరి వివరించబోయాడు. నేనే వద్దని సైగ చేశాను. అక్క ముక్కు చీదుకుని లోపలికి పోయింది.

కావున మూడో అంశానికి వంటింటి దారి హక్కు చేర్చడమైనది.

తేదీ: 2026 మార్చి 11, బుధవారం.

(సంతకం) పిండికట్టు పిన్ని

సాక్షులు:
1. తాపీమేస్త్రి
2. బస్సు దారి మలుపులోని టైలరు
రాసినది: దస్తావేజు లేఖరి